ఆకులు ఎటు వైపు

"మీ ఆయనా? ఇందాకే పై దారిన పోయాడు. ఈ పొగమంచులో ఎందుకయ్యా అంటే, ఆవిడ కొమ్మ ఎలా చెబితే అలా, అన్నాడు," అని చెప్పి, గేటు దగ్గర కూర్చున్న ఈలమ్మ మళ్ళీ రేడియో వైపు తిరిగింది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి ఆమెకు ఆ పేరు. పొద్దుటి నుంచి యాత్రికులెవరినీ కొండ మీదికి వదలలేదు కాబట్టి ఇవాళ ఊదే పని కూడా లేదు. ఆ కొమ్మ పెట్టి వచ్చిన మనిషి మాత్రం ఎడమచేతి తొడుగు సగం విప్పి అలాగే నిలబడిపోయింది. ఆవిడ కొమ్మ. ఎంత వెటకారం. వెటకారమైతే ఫరవాలేదు, వెటకారం చేసేవాడు కళ్ళు తెరుచుకునే నడుస్తాడు. కానీ అతను నిజంగానే అన్నాడేమో, మాట ఇచ్చాడు కదా అందరి ముందూ. కొమ్మ ఎలా చెబితే అలా. కొమ్మ ఏం చెబుతోంది? పొద్దున చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే కత్తితో కొట్టింది, దారి మీద పడేసింది, దాటింది, దిగి వచ్చేసింది. దాటింది. ఎటు నుంచి ఎటు దాటింది? కొమ్మ పెట్టాక దాన్ని దాటాల్సిన అవసరమే రాకూడదు, సరిగ్గా పెట్టి ఉంటే.

"ఈలమ్మా, చీకటి పడే లోపు మేము రాకపోతే ఆఫీసుకు ఫోన్ చెయ్యి," అని, ఆమె ఏమిటేమిటని అడుగుతుండగానే టార్చి లాక్కుని నడక మొదలుపెట్టింది. ఈ కొండ మీద దారులు చూసుకునేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. బోర్డులు, రిబ్బన్లు యాత్రికుల కోసం. రిబ్బన్లయితే వాళ్ళు కోసుకుని జడలకు కట్టుకుని ఫోటోలు దిగుతారు. ఆఫీసువాళ్ళు తాపీగా వచ్చి బోర్డు పాతేదాకా తమలో తమకు కొమ్మే కబురు. ఆకులున్న కొమ్మను దారి పొడుగునా పడుకోబెడతారు. పైకి వచ్చేవాడికి ఆకులు ఎదురైతే ఆగు, దారి మూసి ఉంది. నరికిన మొదలు ఎదురైతే పో, ఏ భయమూ లేదు. ఇంతే. దీనికి చదువు అక్కర్లేదు, బుర్ర ఉంటే చాలు, ఆ బుర్ర పొద్దున ఎక్కడ పెట్టుకుంది తను? పై దారిలో చరియ మీద నేల నెర్రె ఇచ్చింది, మూడొంతుల బాట గాలిలో వేలాడుతున్నట్టు ఉంది, అది చూసి వణుక్కుంటూ వెనక్కి దిగింది, దారి రెండుగా విడిపోయే చీలిక దగ్గరికి వచ్చింది. అక్కడ ఇవతలికి వచ్చి, మూసిన దారికి ఎదురుగా నిలబడి, కొమ్మ పెట్టాలి. తను ఇవతలికి రాలేదు. లోపలి వైపే నిలబడి, కాళ్ళ ముందు పడేసింది, ఆకులు తన వైపు ఉన్నాయి కదా అనుకుంది, ఆకులు ఎదురుగా ఉన్నాయి, మూసేశాం, అయిపోయింది అనుకుంది. తన ఎదురుగా! కింది నుంచి వచ్చేవాడికి కాదు. ఇదేం పాడు పని, ఇదేం పాడు పని అని పైకే అంటోంది, ఊపిరి అందడం లేదు, మొదటి మలుపు దగ్గర మెట్ల మీద ఆకులు తడిసి సబ్బుముక్కల్లా జారుతున్నాయి, వాటిని పొద్దున ఊడ్చింది కూడా తనే. ఊడ్చి వెళ్ళేసరికి చెట్లు మళ్ళీ రాల్చాయి.

కొత్తవాడెవడైనా అయితే బతికిపోయేవాడు. ఊరివాడో యాత్రికుడో దారి మీద ఇంత కొమ్మ చూస్తే ఎటు తిరిగి ఉందని ఆలోచించడు, ఏదో గొడవలే అని వెనక్కి పోతాడు. ఈ కొమ్మ చంపేది దాని భాష తెలిసినవాడినే. ఆ భాష పూర్తిగా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పుడు ఇద్దరే, ఆ ఇద్దరికీ వారం నుంచి మాటల్లేవు. ఫోన్ తీసి చూసింది. రెండో మలుపు దాటితే దాంట్లో సిగ్నల్ గీతలు ఉండవని తెలిసీ చూసింది. లేవు. ఉన్నా ఏం లాభం, అతని ఫోన్ ఇంట్లో గూట్లో ఛార్జింగ్‌లో ఉంది, పొద్దున తను చూసింది, చూసి చెప్పలేదు. నీ ఫోన్ మర్చిపోతున్నావు అని చెబితే తను ముందు మాట్లాడినట్టవుతుంది కదా. ఎంత గొప్ప పౌరుషం. పౌరుషాన్ని నంజుకు తిను ఇప్పుడు.

నీలం గుర్తులు వస్తున్నాయి, చెట్టుకో గుర్తు. ఒకప్పుడు పసుపు రంగు వేసేవాళ్ళు, ఆకురాలు కాలం రాగానే అడవంతా పసుపై గుర్తులన్నీ మాయమయ్యేవి, మామగారే పట్టుబట్టి నీలానికి మార్పించాడు. ఆకుల్లో లేని రంగు వెయ్యాలమ్మా, అనేవాడు. ఈ గుర్తులు నిటారుగా ఉన్నాయి, స్కేలు పెట్టి గీసినట్టు, అంటే ఇవి అతనివి. పైకి పోయేకొద్దీ కాస్త వాలి ఉంటాయి, అవి తనవి, ఎడమచేతి వాటం వాలు. వాలితే ఏం, కనబడడం లేదా? జనం దారి తప్పుతున్నారా? పెళ్ళైన కొత్తలో ఆ వాలు చూసి, నీ గుర్తులు ఎటో చూసి నవ్వుతున్నట్టుంటాయి, అన్నాడు. అప్పుడు ముద్దుగా ఉండేది. తరవాత తరవాత తను గుర్తు వేసి నాలుగు చెట్లు దాటేసరికి వెనక గరగరమని చప్పుడు, చూస్తే గోకేసి నిటారుగా మళ్ళీ వేస్తున్నాడు. తను దారి గుర్తుకని రాళ్ళు పేరిస్తే వాటిని జరుపుతాడు. తను కొమ్మ పెడితే దాని తల ఇంత తిప్పుతాడు. కూరలో ఉప్పు వేశాక కూడా గరిటె తీసుకుని రుచి చూసే రకం. తన వెనకాల ఎప్పుడూ ఒక మనిషి, తను చేసిన ప్రతి పనినీ సర్దుతూ. సర్దుతాడు తప్ప పల్లెత్తు మాట అనడు, అదీ ఇంకా మంట. తిట్టినా బావుండేది.

ఆ రోజు మాత్రం ఓర్చుకోలేకపోయింది. సందర్శకులు గుంపుగా ఉన్నారు, ఊలు టోపీలు, చేతుల్లో కొత్త కర్రలు. వాళ్ళ ముందే తన గుర్తు గోకాడు. వాళ్ళలో ఒకామె, అయ్యో పాపం ఈవిడకు ఇంకా పని రాదు కాబోలు, అని పక్కనామెతో అంది, అంటూ ఫోన్‌లో వీడియో తీసింది. పదహారేళ్ళ నుంచి ఇదే కొండ ఎక్కి దిగుతున్న తనకు పని రాదట. బ్రష్షు విసిరేసింది, నీలం రంగు అతని బూట్ల మీద చిందింది. "ఇంకొక్కసారి నా గుర్తు మీద నీ చెయ్యి పడిందంటే ఈ పని మానేస్తాను, నీతో ఉండడం కూడా మానేస్తాను. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు," అంది. అతను బూట్ల వంక చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. "సరే. ఇవాళ్టి నుంచి నువ్వు ఎలా పెడితే అలా. కళ్ళు మూసుకుని నడుస్తాను," అన్నాడు. నడు, అంది తను. నడు అంది. ఆ మాట ఇప్పుడు చెవిలో గింగురుమంటోంది. నడు, నడు, తన కాళ్ళే నడుస్తున్నాయి ఆ మాటకు, మోకాలు పట్టేసింది, పట్టనీ.

ఇంట్లో పాపం అత్తగారికి చచ్చే చావుగా ఉంది. అత్తా, మీ అబ్బాయికి చెప్పండి గ్యాసు అయిపోయిందని. అమ్మా, దానికి చెప్పు రేపు మధ్యాహ్నం డ్యూటీ నాదని. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చునే. నిన్న రాత్రి ఆవిడ కంచం పక్కకు తోసేసి, "నేనేమన్నా మైకునట్రా మీ ఇద్దరికీ? నన్ను పట్టుకుని అరవండి ఊరంతా వినబడుతుంది," అంది. అతనికి నవ్వొచ్చింది, తనకూ వచ్చింది, ఒకరి నవ్వు ఒకరు చూడకుండా ఇద్దరూ గోడలకేసి తిరిగారు. అప్పుడు నవ్వేసి ఉంటే అయిపోయేది కదా. ఒక్క నవ్వుకు అంత పిసినారితనం ఏమిటి, తీసుకెళ్ళి ఎక్కడ దాచుకుందామని? ఆవిడకు ఏమని చెప్పాలి ఇప్పుడు, మీ అబ్బాయికి నేను దారి తెరిచి పెట్టానత్తా, అనా? వద్దు, ఆ మాట అనుకోవద్దు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు. అతనికి అలవాటు పోతుందా, పదహారేళ్ళ అలవాటు? కొమ్మ దగ్గర ఆగి ఉంటాడు. ఇదేమిటి ఇలా పెట్టింది అని గొణుక్కుని ఉంటాడు. నెర్రె ఉన్న సంగతి తెలియకపోయినా నాలుగడుగులు వేసి నేల తట్టి చూసి ఉంటాడు. నన్ను నమ్మి ఉండడు. దేవుడా, నన్ను నమ్మి ఉండకూడదు. ఇన్నేళ్ళూ నమ్మలేదని ఏడ్చాను కదా, ఈ ఒక్క రోజూ కూడా నమ్మకుండా ఉంటే చాలు, ఇక జన్మలో అడగను, నా గుర్తులన్నీ గోకేసుకోనీ, కూరలో ఉప్పు వేసుకోనీ.

పొగమంచు చెట్ల మధ్య నుంచి కిందికి దిగుతోంది, కాసేపట్లో దీపం లేనిదే అడుగు కనబడదు. రాగి రంగు ఆకులు, ఎర్రవి, పసుపువి, ఒక్కొక్కటే చప్పుడు లేకుండా వచ్చి భుజం మీద వాలుతుంటే ఎవరో తాకినట్టై ప్రతిసారీ ఉలిక్కిపడుతోంది. వీటి కోసమే జనం బస్సులు కట్టుకుని వస్తారు. ఎంత బాగుందో అంటారు. కింద ఊళ్ళో హోటల్ గదులన్నీ నిండిపోతాయి, టీ ధర రెట్టింపవుతుంది. తనకు మాత్రం ఆకు రాలిందంటే దారి కప్పుకుపోయిందనే లెక్క, రాయేదో గుంటేదో తెలియదని లెక్క. బుద్ధిగా ఊడ్చుకుంటూ వెళ్ళు, ఊడ్చి ఒకసారి వెనక్కి చూడు, అనేవాడు మామగారు. పని నేర్పిన రోజుల్లో ఆయన అన్నిటికీ అదే చెప్పేవాడు. గుర్తు వేశావా, పది అడుగులు పోయి వెనక్కి తిరిగి చూడు. కొమ్మ పెట్టావా, పది అడుగులు దిగి వెనక్కి తిరిగి చూడు. నువ్వు పెట్టేది నీకోసం కాదమ్మా, వచ్చేవాడి కళ్ళతో చూసుకోవాలి. తను చూసేది కూడా, మొదట్లో. ఎప్పుడు మానేసింది? తన వెనకాల అతను చూడడం మొదలుపెట్టాక మానేసింది. ఎలాగూ వస్తాడు, ఎలాగూ చూస్తాడు, ఎలాగూ వంక పెడతాడు. పొద్దున కొమ్మ పెట్టి దిగేటప్పుడు మెడ వెనక్కి తిరగబోయింది, నిజంగా తిరగబోయింది, వెనక్కి చూడడం అతని రోగం, నాకెందుకు, అనుకుని విసవిసా వచ్చేసింది. ఆ మెడ ఇంత తిరిగి ఉంటే.

అప్పుడు వినబడింది. మొదట చిన్నగా, ఎవరో మూట విప్పి గులకరాళ్ళు పోస్తున్నట్టు. తరవాత పెద్దగా, కాళ్ళ కింద నేల అదిరేటంత. చెట్లు విరిగిన చప్పుడు. పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ తరవాత ఏమీ లేదు. కింద వాగు చప్పుడు కూడా ఆగిపోయినట్టైంది. ఆమె చెట్టు పట్టుకుని నిలబడింది, అది తన గుర్తు ఉన్న చెట్టు, వాలుగా, ఎటో చూసి నవ్వుతూ. పిలవాలంటే ఏమని పిలవాలి, పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు, ఇదిగో అంటుంది, వినబడుతోందా అంటుంది, వారం నుంచి అదీ లేదు. "ఇదిగో!" అంది, అది నోట్లోంచి రాలేదు. మళ్ళీ అంది. ఈసారి కొండకు తగిలి వెనక్కి వచ్చింది, ఇదిగో ఇదిగో అని, అది తన గొంతే అని పోల్చుకోలేకపోయింది. జవాబు లేదు. పరిగెత్తింది. ఎక్కే దారిలో పరిగెత్తకూడదని కొత్తవాళ్ళందరికీ చెప్పేది తనే. రెండుసార్లు పడింది, అరచెయ్యి చీరుకుంది, తొడుగు ఇంకా సగం విప్పే ఉంది.

చీలిక దగ్గర కొమ్మ పొద్దున పెట్టినట్టే ఉంది. వేలెడు కూడా జరగలేదు. మొదలు తన వైపు, తెల్లగా, తడిగా, రా రా అన్నట్టు. అవతల ఆకులు దారి చూపిస్తున్నాయి లోపలికి. దాని పక్కన మట్టిలో బూటు గుర్తు లోతుగా దిగి ఉంది, ఇక్కడ ఆగాడు, చాలాసేపు ఆగాడు. తరవాత అడుగులు లోపలికి వెళ్ళాయి. తిరిగి రాలేదు. నమ్మాడు. ఆమె కాళ్ళు ఆ అడుగుల వెనకే పోయాయి, అడుగులో అడుగు వేస్తూ, మలుపు తిరిగి, పెద్ద రాయి పక్క నుంచి, ఇక దారి లేని చోటి వరకు. పొద్దున నెర్రె ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు. బాట తెగిపోయి ఎర్రమట్టి కిందికి, పొగమంచులోకి పోతోంది. వేళ్ళు పైకి పెట్టుకుని ఒక చెట్టు తలకిందులుగా ఉంది. ఆమె టార్చి ఆ మట్టి మీద వేసి వెతికింది, చొక్కా కోసం, బూటు కోసం, వెతుకుతూ తను చూడకూడదనుకున్నదాన్నే వెతుకుతున్నానని తెలిసి టార్చి ఆర్పేసింది. ఆర్పేసి అరిచింది. ఇదిగో అనలేదు. పేరు పెట్టి పిలిచింది, ఇంటి పేరుతో సహా, ఆఫీసులో హాజరు పిలిచినట్టు.

"ఊ," అని అవతలి నుంచి వచ్చింది.

ఊ ఏమిటి. ఒక్క ఊ. ఆమెకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు, ముక్కు కారుతోంది, తుడుచుకుంటే మొహమంతా మట్టి.

"ఎక్కడున్నావు?"

"ఇక్కడే. అవతల. దాటాక పోయింది, నా వెనకే పోయింది. భుజం కొట్టుకుంది, ఫరవాలేదు. నువ్వు అంచుకు రాకు."

మాట వణుకుతోంది. అతను వణకడం ఆమె ఎప్పుడూ వినలేదు. మంచులో మనిషి కనబడడు, గొంతు మాత్రం పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు వస్తోంది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెప్పకపోతే ఇంటికి వెళ్ళాక చెప్పడం జరగదు, వేడినీళ్ళు, అత్తగారి ఏడుపు, భుజానికి కట్టు, అందులో కలిసిపోతుంది, కొమ్మను గాలి తిప్పిందేమో అని అతనే అంటాడు, తను ఊరుకుంటుంది.

"కొమ్మ నేను తిరగేసి పెట్టాను. దారి మూద్దామనే పెట్టాను. లోపల నిలబడి పెట్టాను. తప్పు నాదే," అంది.

కిందెక్కడో ఒక రాయి దొర్లి ఆగింది.

"అనుకున్నాను," అన్నాడు.

"అనుకున్నావా?"

"కొమ్మ నరికిన చెట్టు మీద కత్తివేటు చూశాను. నువ్వు లోపలి నుంచి కొట్టావు. లోపల నిలబడి ఆకులు నీ వైపు పెట్టుకున్నావంటే దారి మూద్దామనే కదా. ఇక్కడికొచ్చి నెర్రె కూడా చూశాను."

"చూసి మరీ దాటావా?"

"నువ్వేగా చెయ్యి పెట్టొద్దన్నావు."

ఆమెకు ఒళ్ళంతా మండిపోయింది. మొండిఘటం, రాతిముండాకొడుకు, ఒక మాట నెగ్గించుకోవడానికి ప్రాణం తీసుకెళ్ళి గోతిలో వేస్తాడా, చేతికి దొరికితే చెంప పగలగొడుతుంది, దొరకనీ. ఆ కోపం వెనకే ఇంకోటి గుర్తొచ్చింది. కొమ్మ దగ్గర ఆ లోతైన బూటు గుర్తు. అంతసేపు నిలబడి అతను చూసింది కొమ్మను కాదు, తనను. తను విసిరిన బ్రష్షును, నీతో ఉండడం మానేస్తానన్న మాటను. తిప్పితే పోయేది మాట, తిప్పకపోతే పోయేది ప్రాణం, రెండూ తూచి ఈ పిచ్చిమనిషి దాటాడు. అంత భయపెట్టింది తను. అతన్ని ఏమని తిట్టాలి, నిన్న గోడకేసి తిరిగి నవ్వు మింగింది తను కాదా?

"ఇంకెప్పుడైనా ఇలా చేశావంటే చంపేస్తాను," అంది చివరికి, ఏడుస్తూనే.

"సరే."

"సరే అనకు నాతో. ఆ మాట అనకు."

అతను ఏదో అన్నాడు, నవ్వు లాంటిది, మధ్యలో దగ్గు వచ్చింది. రాత్రికి పైన రేకుల షెడ్డులోనే ఉంటానని, కంబళ్ళు ఉన్నాయని, తెల్లారాక అవతలి వైపు నుంచి రోడ్డుకు దిగుతానని చెప్పాడు. అమ్మకు చెప్పమన్నాడు. "నేనేమన్నా మైకునా?" అంది ఆమె. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది.

"చీకటి పడుతోంది, దిగు. కొమ్మ తిప్పి పెట్టు, పొద్దున్నే ఆఫీసువాళ్ళు వస్తారు. పెట్టాక..." అని ఆగిపోయాడు.

"పెట్టాక?"

"ఏం లేదు."

"చెప్పు."

"ఏం లేదన్నానుగా. నీ కొమ్మ, నీ ఇష్టం."

"చెప్పమంటున్నాను కదయ్యా!"

మంచులోంచి ఆ గొంతు నెమ్మదిగా, ఇంకా జంకుతూనే వచ్చింది. "పెట్టాక ఒకసారి వెనక్కి తిరిగి చూసుకో."

ఆమె చీలిక దాకా వచ్చింది. కొమ్మను దాటి ఇవతలికి వచ్చింది, లోపలి వైపు మొహం పెట్టి నిలబడి, దాన్ని మొదలు పట్టుకుని ఎత్తి తిప్పింది. తడిసి బరువుగా ఉంది. సర్దింది, దిగడం మొదలుపెట్టింది, అడుగులు లెక్కపెట్టుకుంటూ, మామగారు చెప్పినట్టు. తన వెనకాల ఎవరూ లేరు, గరగరమని గోకే చప్పుడు లేదు. పది దాకా వచ్చి ఆగింది. వెనక్కి తిరిగి, పైకి వచ్చేవాడు ఎక్కడ నిలబడతాడో సరిగ్గా అక్కడ నిలబడి, టార్చి వేసి చూసింది.

ఆకులు తన వైపే ఉన్నాయి.